తలుపు తీసి ఉంచే ఆదివారం

హెస్టర్ ప్యూ తోట చుట్టూ మనిషెత్తు ఇటుక గోడ. ఏడాది పొడవునా చెక్క తలుపుకు గడియ పెట్టే ఉంటుంది. జూన్‌లో ఒక ఆదివారం మాత్రం, ఆసుపత్రి విరాళాల కోసం, ఎవరైనా లోపలికి రావచ్చు. భర్త పోయాక గోడకు పాకించిన బేరి చెట్లను, గులాబీలను, చిక్కుడు పాదులను ఆమె ఒంటిచేత్తో సాకింది.

ఆమె కొడుకు కోల్విన్ తాగి కారు నడిపి, సైకిల్ మీద వెళ్తున్న ఒక ఆడపిల్లను చంపాడు. జైలు నుంచి వచ్చాక తోటవైపున్న మేడమీది గదిలోంచి దిగడమే మానేశాడు. తాగుడు మాత్రం మానలేదు.

ఆ పిల్ల తల్లి ఈనిడ్‌ది పక్క ఊరే. కోల్విన్ తిరిగొచ్చినప్పటి నుంచి ఏటా ఆ ఆదివారం తప్పకుండా వచ్చేది. పూలవైపు చూసేది కాదు. బేరి చెట్ల కింద బల్లమీద కూర్చుని, సాయంత్రం దాకా మేడమీది కిటికీకేసి చూసేది. ఆమెను పొమ్మనడానికి హెస్టర్‌కు నోరొచ్చేది కాదు.

ఒక ఏడు ఫిబ్రవరిలో కోల్విన్ కాలేయం పాడై చనిపోయాడు. జూన్‌లో ఈనిడ్ మళ్లీ వచ్చింది.

"ఆవిడకింకా తెలిసినట్టు లేదే," కేకు కోస్తూ గొణిగింది పొరుగింటి డోర్కస్. "చలికాలమంతా చెల్లెలి దగ్గరుందట. నువ్వు మాత్రం చెప్పకు. ఖాళీ కిటికీనే చూసుకోనీ."

"నువ్వు కేకులు కొయ్యవే."

"కోస్తూనే ఉన్నా. నా నాలుక కూడా కొయ్యమంటావా?"

హెస్టర్ టీ కప్పు పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. ఇన్నేళ్లలో వాళ్లిద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఈనిడ్ కప్పు అందుకోలేదు.

"పైన ఎవరూ లేరండీ," అంది హెస్టర్. "ఫిబ్రవరిలో పోయాడు."

ఈనిడ్ కిటికీ మీంచి చూపు తిప్పలేదు.

"బాధపడ్డాడా?"

"పడ్డాడు."

"బాగానా?"

అబద్ధమాడాలనిపించింది హెస్టర్‌కు. ఎటువైపు ఆడాలో తెలియలేదు. "చాలా," అంది.

ఈనిడ్ తలూపింది. "ఈ మాట వింటే కడుపు చల్లబడుతుందనుకున్నాను. ఏమీ లేదు." లేచి గౌను దులుపుకుంది. "ఇంక నేనెక్కడికెళ్లి కూర్చోను?"

"ఇక్కడికే రండి."

"ఎవర్ని చూడ్డానికమ్మా?"

ఈనిడ్ జనాన్ని తప్పించుకుంటూ వెళ్లిపోయింది.

మరుసటి జూన్‌లో ఆ బల్లమీద ఎవరో కొత్త దంపతులు కూర్చుని కేకు తిన్నారు. ఈనిడ్ ఇల్లు అమ్మేసి చెల్లెలి ఊరికి వెళ్లిపోయిందని డోర్కస్ చెప్పింది. చిక్కుడు పాదుల పక్కన హెస్టర్ అలాగే నిలబడిపోయింది. తను కాక తన కొడుకును రోజూ తలుచుకున్న మనిషి లోకంలో ఆవిడొక్కతే.

సాయంత్రం డోర్కస్ కప్పులు కడుగుతూ వచ్చే ఏటి ఏర్పాట్ల సంగతి ఎత్తింది.

"ఇంక చాల్లేవే. వచ్చే ఏడు తలుపు తియ్యను," అంది హెస్టర్.