మా అమ్మ నిద్రపోయిన పగలు

నా చిన్నప్పుడు మా ఇంటి తలుపుకు పట్టపగలు కూడా గడియ వేసి ఉండేది. దొంగల భయంతో కాదు, మా అవ్వ బయటికి వెళ్లిపోతుందని.

మాది నల్లగొండ దగ్గర ఒక పల్లె. రజాకార్ల కాలంలో మా చిన్నాయిన, అంటే మా బాపు తమ్ముడు, నిజాం మీద పోరాడే సంఘంలో చేరి అడవికి వెళ్లాడు. అమ్రాబాద్ గుట్టల్లో జరిగిన కాల్పుల్లో పోయాడని ఎవరో మనిషి వచ్చి బాపు చెవిలో చెప్పి వెళ్లాడు. శవాన్ని చూసినవాళ్లు లేరు. ఏడవడానికి కూడా వీల్లేదు. ఏడుపు బయటికి వినిపిస్తే సంఘంవాళ్ల ఇల్లని తెలిసిపోతుంది. పోలీసు యాక్షన్ అయి రజాకార్లు పోయినప్పుడు ఇక కష్టాలు తీరాయని ఊరంతా అనుకుంది. కానీ ఆ వెనకే మిలటరీవాళ్లు సంఘంవాళ్లను వెతుక్కుంటూ వచ్చారు. చనిపోయిన తమ్ముడి జాడ చెప్పమని బాపును కొట్టి, తీసుకెళ్లి జైల్లో పెట్టారు.

అప్పటినుంచి అవ్వ మనసు కుదురు తప్పింది. బయట అడుగుల చప్పుడైతే చాలు, చిన్నకొడుకు వచ్చాడని లేచి పరుగెత్తేది. మిలటరీ లారీ పోతుంటే దాని వెనక పడి, కొడుకును పేరు పెట్టి పిలిచేది. ఆ పేరు వాళ్ల చెవిన పడితే ఏమవుతుందోనని అమ్మ ఉరికి వెళ్లి, అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టి ఇంటికి తెచ్చేది.

ఇది ఒకనాటితో పోయేది కాదు. ఒక జొన్నపంట చేతికి వచ్చింది, ఇంకోటి కూడా వచ్చింది, అవ్వ అలాగే ఉంది. అమ్మ తన కొంగును అవ్వ కొంగుకు ముడివేసుకుని పడుకునేది. అవ్వ ఇటు మెదిలితే అమ్మ అటు లేచేది. చంకలో పసివాడు మా తమ్ముడు, పాలు చాలక ఒకటే ఏడుపు. జొన్నలు విసురుతూ విసురుతూ అమ్మ కూర్చున్నచోటే కునికేది, విసుర్రాయి ఆగిపోయేది. నాతో మాట్లాడటం మానేసింది. పిలిస్తే నా వైపు చూసేది కానీ, చూపు నా దగ్గరికి వచ్చేది కాదు.

ఇంటికి వచ్చినవాళ్లందరూ గుమ్మంలో నిలబడి, "ముసలమ్మకు ఎట్లున్నది?" అని అడిగేవారు. జైలు నుంచి కబురేమైనా వచ్చిందా అని అడిగేవారు. నీకెట్లున్నదని అమ్మను అడిగినవాళ్లు లేరు. నడిచే మనిషికి, వండే మనిషికి ఏమవుతుందని అనుకున్నారేమో.

ఒకరోజు అవ్వ గడియ తీయమని పెనుగులాడి అంబలి కుండను తన్నేసింది. ఆ పూటకు ఇంట్లో ఉన్నది అదే. అమ్మ ఒక్క దెబ్బ వేసింది. అవ్వ ఏడవలేదు. అమ్మే తన చేతిని రెండో చేత్తో పట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆ సాయంత్రం అమ్మ వెంట నేనూ బావికి వెళ్లాను. అమ్మ చేదను బావిలోకి వదలలేదు. గట్టు మీద నిలబడి లోపలికి చూస్తూ ఉండిపోయింది. నీళ్లు ఎంత కిందికి పోయాయో చూస్తోందనుకున్నాను. అంతలో మా పక్కింటి గొల్ల పెద్దమ్మ వచ్చింది. అమ్మను చూసింది. దగ్గరికి వచ్చి, అమ్మ చేతిలోని చేద తీసుకుని, నీళ్లు తానే చేది, ఇంటిదాకా తానే మోసుకొచ్చింది.

మర్నాడు ఎండెక్కే వేళకు పెద్దమ్మ తన కోడలిని వెంటపెట్టుకుని హడావిడిగా వచ్చింది.

"బిడ్డా, గొర్రె ఈననీకి మస్తు తిప్పలు పడుతాంది. నా చేతులు వణుకుతున్నయి. జర నువ్వు రావాలె."

"అత్తను ఇడిసి ఎట్లొస్త పెద్దమ్మా?" అంది అమ్మ.

"మా కోడలు కూసుంటది. ఆడ మూగజీవి పానం పోతాంది, నువ్వు గిట్ల సోంచాయించుకుంట నిలవడితే ఎట్ల?"

తనకోసమైతే అమ్మ గడప దాటేది కాదు. ఇంకో ప్రాణి కష్టంలో ఉందనేసరికి తమ్ముణ్ని ఎత్తుకుని, నన్ను వెంటపెట్టుకుని బయలుదేరింది. పెద్దమ్మకు అమ్మ సంగతి బాగా తెలుసు.

గొర్రెల దొడ్డి ఊరి బయట ఉంది. వెళ్లేసరికి దొడ్డి ఖాళీ, మంద మేతకు పోయింది. పక్కనున్న కొట్టంలో గొంగడి పరిచి ఉంది. ముంతలో మేకపాలు, గుడ్డలో జొన్నరొట్టెలు ఉన్నాయి.

"గొర్రె ఏది?"

"గొర్రె లేదు, గిర్రె లేదు. ఇంత తిని పండుకో."

అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నన్ను మోసం జేసి తీసుకొస్తవా? ఆడ అత్త బయటికి వోతే?"

"వోతే మా కోడలు ఎంబడి వోతది. దానికి కాళ్లు లేవా?" అని పెద్దమ్మ గొంతు తగ్గించింది. "నిన్న బాయి కాడ నిన్ను జూసిన. మా ముసలాయన మంచాన వడ్డప్పుడు, నేను గూడ గట్లనే నిలవడ్డ. నాకెర్కే బిడ్డా."

 అమ్మ కూర్చుని రొట్టె తినసాగింది. సగం తినకముందే, తుంచిన ముక్క చేతిలో ఉండగానే ఒరిగిపోయింది. పెద్దమ్మ ఆ ముక్కను వేళ్ల మధ్యనుంచి మెల్లగా తీసింది. తమ్ముడికి ఉగ్గుగిన్నెతో పాలు పట్టి ఒళ్లో వేసుకుంది. అమ్మ నోరు తెరుచుకుని అలా పడి నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

"పానం ఉన్నది. లేపకు," అంది పెద్దమ్మ.

మంద తిరిగొచ్చిన అరుపులకు అమ్మ ఉలిక్కిపడి లేచింది. జుట్టు కూడా ముడవకుండా ఇంటికి పరుగెత్తింది. తమ్ముణ్ని ఎత్తుకుని పెద్దమ్మ, ఆమె వెంట నేను వెనకే వెళ్లాం. ఇంట్లో ఏ ఉపద్రవమూ జరగలేదు. అవ్వ బయటికి వెళ్తానంటే పెద్దమ్మ కోడలు చెయ్యి పట్టుకుని తుమ్మచెట్ల దాకా తీసుకెళ్లి, అలసిపోయాక వెనక్కి తెచ్చిందట. అవ్వ నిమ్మళంగా కూర్చుని అన్నం తింటోంది.

అది చూసి అమ్మ గడప లోపలే కూలబడి ఏడ్చింది. గొంతెత్తి, చిన్నాయినను తలచుకుని ఏడ్చింది. ఆయన కోసం మా ఇంట్లో ఏడుపు వినిపించడం అదే మొదలు. అవ్వ కంచం వదిలి వచ్చి అమ్మ తల మీద చెయ్యి వేసింది.

"ఎందుకేడుస్తున్నవే? వాడు ఇంక రాడా?"

"రాడత్తా," అంది అమ్మ.

అవ్వ అమ్మ పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఎవరు వింటారోనని పెద్దమ్మ వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. అంతేకానీ, ఊరుకోమని మాత్రం అనలేదు.

దాంతో అంతా చక్కబడిందని చెప్పలేను. అవ్వ ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు బాటమీదికి వెళ్లేది. బాపు తిరిగొచ్చినా మునుపటి మనిషి కాలేదు. అమ్మ పోయేదాకా చిన్న చప్పుడుకే లేచి కూర్చునేది. కాకపోతే ఆ రోజు నుంచి పెద్దమ్మా, ఆమె కోడలూ, వాళ్లను చూసి మా వాడలో మరికొందరు, వంతులేసుకుని అవ్వ దగ్గర కూర్చునేవారు. అమ్మ బతికింది.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. జబ్బు పడినవాళ్ల ఇంటికో, మనిషి పోయిన ఇంటికో వెళ్తే మంచం దగ్గర పలకరింపు అయ్యాక, వాళ్లను చూసుకునే మనిషి ఎక్కడుందా అని వెతుక్కుంటూ వెళ్తాను. ఎక్కువగా వంటింట్లో కనిపిస్తుంది. ఇక్కడ నేనుంటాను, నువ్వు కాసేపు పడుకో అంటాను. అందరూ వద్దనే అంటారు. నాకేం, బాగానే ఉన్నానంటారు. నేను మాత్రం లేచి రాను.