లష్కర్ లింగయ్య స్థానంలో దున్నపోతు

ఆ ఆదివారం పొద్దున మా పేపర్ ఆరో పేజీలో, ‘ముప్పై నాలుగేళ్ల సేవకు ఘన సన్మానం’ అన్న శీర్షిక కింద ఒక దున్నపోతు నిలబడి ఉంది. మెడలో బంతిపూల దండ, వీపు మీద శాలువా. ముక్కుతాడు పట్టుకున్న మనిషి కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు. దున్నపోతు మాత్రం నవ్వలేదు. ఫోటో కింద ఇలా ఉంది: ‘కాలువ లష్కర్ లింగయ్యను సన్మానిస్తున్న సహోద్యోగులు’.

లింగయ్య మా మామ, కాలువ కాపలా ఉద్యోగి. నా భార్య సువర్ణకు కన్నతండ్రి. పేజీ చేసింది నేను.

అంతటితో ఆగి ఉంటే ఈ కథ మీకు చెప్పేవాణ్ని కాదు. పక్క కాలమ్‌లో ‘కాలువ గట్టుపై మోటార్ల దొంగ పట్టివేత’ అని ఇంకో వార్త. అక్కడున్నాడు మా మామ. తెల్ల చొక్కా, మెడలో గులాబీల దండ, భుజాన శాలువా, చేతిలో గడియారం బిగించిన జ్ఞాపిక. దొంగను పట్టుకున్నాక ఇంత మర్యాద చేసిన పోలీసులు ఏ దేశంలోనూ ఉండరు. పైగా వార్త మొదటి వాక్యం చూడండి: ‘చాలాకాలంగా కాలువ గట్టుపై తిరుగుతున్న వ్యక్తిని...’ మా మామ నిజంగానే ముప్పై నాలుగేళ్లు ఆ గట్టు మీద తిరిగాడు. ఎవరూ కాదనడానికి వీల్లేదు.

ఆరున్నరకు ఫోన్ మోగింది. సువర్ణ. సన్మానం కోసం రెండు రోజుల ముందే మిర్యాలగూడలోని పుట్టింటికి వెళ్లింది.

“ఏం జేసినవ్ నువ్వు?”

“ఏమైంది?”

“ముందుగాల పేపర్ సూడు. సూసినంక ఫోన్ జెయ్యి. లేకుంటే అసలే జెయ్యకు. నీ ఇష్టం.”

పేపర్ తెరిచాను. మిగతాది మీకు తెలుసు.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. నేరం ఎలా జరిగిందో చెప్పకపోతే నా పరువుకు నష్టం, చెబితే ఇంకా నష్టం. అయినా చెబుతాను.

అప్పట్లో సూర్యాపేటలో మా పేపర్ డెస్క్ అంటే మార్కెట్ యార్డు వెనక ఒక మేడ మీద రెండు గదులు. మిరపకాయల సీజన్‌లో తుమ్ముతూ వార్తలు దిద్దేవాళ్లం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడు ఊళ్ల వార్తలూ ఒకే పేజీకి వచ్చేవి. విలేకరులు ఫోన్‌లోనో, ఇంటర్నెట్ సెంటర్‌లోనో టైప్ చేసి పంపితే, అవన్నీ ఒకే సందేశంగా కలిసి మా కంప్యూటర్‌లో దిగేవి. ఆ సందేశంలో ప్రతి ముక్కకూ ఒక చీటీ కట్టి ఉంటుంది: ఇది శీర్షిక, ఇది వార్త, ఇది ఫోటో. ఫోటో కింద వేసే వాక్యం వార్త ముక్కలోనే ఉండేది. ఆ చీటీలు చదివి, ముక్కలను పేజీలో వాటి వాటి చోట్లకు మార్చి పంపే ఒక ప్రోగ్రామ్ ఉండేది. ఫలానా ముక్క ఎక్కడుందో దానికి చిరునామా రాసిచ్చే భాష పేరు ఎక్స్‌పాత్. పోస్ట్‌మన్‌కు దారి చెప్పినట్టే. మూడో సందు, రెండో ఇల్లు, నీలం తలుపు.

ఏ వార్తకు ఏ ఫోటోయో తెలియడానికి విలేకరులు రెండింటికీ ఒకే నంబరు వేయాలని నియమం. వాళ్లు వేసేవాళ్లు కాదు. రోజూ సాయంత్రం నేను ఫోన్లు చేసి, “ఈ శాలువా ఏ వార్తది? ఈ రిబ్బను ఏ వార్తది?” అని అడిగి కలిపేవాణ్ని.

ఇంతలో హైదరాబాద్‌లో రెండు రోజుల శిక్షణకు నన్ను పంపారు. మొదటి రోజు ఎక్స్‌పాత్‌లో ఓనమాలు, రెండో రోజు మధ్యాహ్నం అడ్వాన్స్‌డ్. భోజనం తర్వాత గదిలో సగం మంది నిద్రపోయారు. నేను మేలుకుని ఉండటమే తర్వాత జరిగిన అన్నిటికీ కారణం. ఆ పూట ‘ప్రిసీడింగ్’ అనే మాట నేర్చుకున్నాను. ఒక ముక్క దగ్గర నిలబడి, ‘నాకంటే ముందు వచ్చిన ఫోటోల్లో అన్నిటికన్నా దగ్గరిది తీసుకురా’ అని ఒక్క గీతలో చెప్పవచ్చు. నంబర్లు అక్కర్లేదు, ఫోన్లు అక్కర్లేదు. తిరుగు బస్సులో సూర్యాపేట దాకా ఎవరో దండ వేసినట్టు మెడ నిక్కించి కూర్చున్నాను.

వచ్చీ రాగానే సూత్రం రాశాను. సూర్యాపేట వార్తలతో పరీక్షించాను, బ్రహ్మాండం. కోదాడ వార్తలతో పరీక్షించాను, ఇంకా బ్రహ్మాండం. హైదరాబాద్ ఆఫీసులోని ఇంజనీరమ్మాయికి ఫోన్ చేశాను.

“సార్, జాగ్రత్త. మీరు రాసింది వార్త హద్దు దాటి ఫైలు మొదలుదాకా వెనక్కి వెళ్లి వెతుకుతుంది. మూడు ఊళ్ల ఫైళ్లతోనూ చూశారా?”

“చూశానమ్మా.”

చూడలేదు. రెండు చూస్తే మూడోది చూసినట్టేనని నా ధీమా. అన్నం ఉడికిందో లేదో రెండు మెతుకులు పట్టి చూస్తాం కదా! కాకపోతే మూడోది వేరే కుండలో ఉందన్న సంగతి మరిచాను.

ఆ వేరే కుండ పేరు సైదులు, మిర్యాలగూడ విలేకరి. కోదాడ విలేకరి నాగేశ్వరరావుది ఒక పద్ధతి. ముందు ఫోటో ఎక్కించి, అందులో ఎవరెవరున్నారో వేళ్లతో లెక్కపెట్టి, ఆ తర్వాతే వార్త రాసేవాడు. ఒక పేరు తప్పిపోతే కోదాడలో టీ కూడా దొరకదని ఆయన భయం. సైదులు అలా కాదు. సభ మొదలు కాకముందే ‘ఘనంగా ముగిసింది’ అని వార్త రాసి పెట్టుకునేవాడు. తర్వాత తీరిగ్గా వెళ్లి, ఫోటో తీసి, వార్త వెనక తగిలించేవాడు. అంటే సూర్యాపేట, కోదాడల్లో ఫోటో ముందు, వార్త వెనక. మిర్యాలగూడలో వార్త ముందు, ఫోటో వెనక. నా సూత్రమేమో ఎప్పుడూ వార్తకు ముందు వచ్చినవాటినే చూస్తుంది.

సరిగ్గా ఆ వారమే మా మామ రిటైరయ్యాడు. సాగర్ ఎడమ కాలువ మీద లష్కర్ ఉద్యోగం. తూములు ఎత్తడం, దించడం, గట్టు కాయడం. పెద్దవూర వైపు మొదలుపెట్టి మిర్యాలగూడ దగ్గర ముగించాడు. పిల్లనిచ్చేటప్పుడు నన్ను ఎగాదిగా చూసి, “పేపర్ల పనంటే ఏం పని?” అని అడిగినవాడు. పెళ్లయి మూడేళ్లయినా ఆ ప్రశ్నకు నేనిచ్చిన జవాబు ఆయనకు నచ్చినట్టు లేదు. అలాంటి మనిషి జీవితంలో మొదటిసారి నన్ను ఒకటి అడిగాడు.

“అల్లుడా, నా ఫోటో ఎన్నడు పేపర్ల పడలే. కాలువకు గండి పడ్తె ఏస్తరు. గండి పడకుంట సూసుకున్నోన్ని ఏస్తరా?”

“ఎందుకెయ్యం మామా? ఆదివారం పేపర్ల సూస్కో.”

ఆ మాట పట్టుకుని ఆయన ఏజెంటుకు నలభై కాపీలు చెప్పాడు. కాలువ మీద పనిచేసిన పాతవాళ్లందరినీ ఆదివారం పొద్దున చాయ్‌కి పిలిచాడు.

శనివారం మూడు ఊళ్ల వార్తలూ వరుసగా కలిసి వచ్చాయి. కోదాడలో ఆఖరిది పశువుల ప్రదర్శనలో మొదటి బహుమతి పొందిన దున్నపోతు. మిర్యాలగూడలో మొదటిది మా మామ సన్మానం, రెండోది మోటార్ల దొంగ, మూడోది ఒక వార్డులో మంచినీళ్ల ట్యాంకు ప్రారంభం. నా సూత్రం మా మామ వార్త దగ్గర నిలబడి అంతకుముందు వచ్చినవి చూసింది. మిర్యాలగూడ ఫోటో ఒక్కటీ కనబడలేదు. కోదాడ దాకా నడిచి వెళ్లి దున్నపోతును తోలుకొచ్చింది. దొంగ వార్తకు మా మామను తెచ్చింది. ట్యాంకు వార్తకు దొంగను తెచ్చింది. ట్యాంకు ఫోటో ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయింది.

పేజీ చూసుకోలేదా అంటారు. మా కంప్యూటర్ ముసలిది. ఫోటోలు చూపిస్తే మొరాయిస్తుందని వాటి స్థానంలో బూడిదరంగు గళ్లు పెట్టుకుని పనిచేసేవాళ్లం. పేజీ పంపేముందు ఒక ప్రింటు తీసి చూడాలి. రోజూ చూసేవాణ్ని. ఆ రోజు నా సూత్రం వేగం లోకానికి చాటాలి కదా! ఏడింటికే పేజీ పంపేసి, కింద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు తిన్నాను. చాలా రుచిగా ఉన్నాయి. అంత రుచి మళ్లీ ఎప్పుడూ తగల్లేదు.

ఆదివారానికి వద్దాం. సువర్ణ తర్వాత సైదులు చేశాడు.

“సారూ, నేనేం తప్పు జేసిన? కౌన్సిలర్ మనుషులు మా ఇంటి ముంగట కూసున్నరు.”

“ఏమంటున్నరు?”

“ట్యాంకు షురూ జేసింది మేమా, తువ్వాల కప్పుకొని పోలీసోళ్ల నడుమ నిలబడ్డోడా అని అడుగుతుండ్రు. నన్నేం జెప్పమంటవ్?”

“ఫోన్ పెట్టెయ్ సైదులూ. నేనొస్తున్న.”

బస్సెక్కుతుంటే నాగేశ్వరరావు చేశాడు. గొంతు నిండా సంబరం.

“గురువుగారూ, అదరగొట్టేశారండీ! మన దున్నపోతు ఒకే పేజీలో రెండుసార్లు పడిందండి. దాని ఓనరు స్వీట్ బాక్సు పట్టుకుని మా గుమ్మంలో ఉన్నాడు. మీ అడ్రస్ అడుగుతున్నాడండి.”

“ఇవ్వకు నాగేశ్వరరావూ. ఇవాళ ఎవరికీ నా అడ్రస్ ఇవ్వకు.”

మిర్యాలగూడ చేరేసరికి ఎండ ఎక్కింది. రైసు మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది. మామూలుగా ఆ వాసనకు నాకు ఆకలి వేస్తుంది. ఆ రోజు వేయలేదు. ఇంటి ముందు సువర్ణ నిలబడి ఉంది.

“మామ ఏడి?”

“గట్టు మీదికి పోయిండు. చాయ్‌కి వచ్చినోళ్లంతా నవ్విండ్రు. ‘లింగన్నా, గిన్నేండ్లు గట్టు మీద తిరిగింది గిందుకేనా?’ అన్నరు. మా నాయిన నలభై పేపర్లు కట్ట కట్టి మంచం కింద ఏసిండు.” మెల్లగా అంది. “నువ్వు ఏసిన ఫోటోల మా నాయిన ఎంత మంచిగున్నడో సూసినవా?”

తిట్టి ఉంటే బాగుండేది.

మామ తూము దగ్గర కూర్చుని ఉన్నాడు. రిటైరైన మనిషి, అయినా చెయ్యి షట్టర్ చక్రం మీదే ఉంది. పక్కన కూర్చున్నాను. కాలువ నిండుగా పోతోంది. ఆయనే అడిగాడు.

“ఇగ జెప్పు. గిట్లెట్లయింది?”

“వార్తకు పైనున్న దగ్గరి ఫోటో తెమ్మని మిషన్‌కు జెప్పిన మామా. కోదాడాయన ఫోటో పైన పెడ్తడు. సైదులు కింద పెడ్తడు.”

ఆయన ఒక పుల్ల తీసుకుని మట్టిలో మూడు మళ్లు గీశాడు.

“గిది నీ మడి. దీని తూము కిందుంది. నువ్వు పైకి సూసినవ్. నీళ్లేడికెల్లి తెచ్చినవ్?”

“పై మడికెల్లి.”

“పక్కోని నీళ్లు నీ మడికి మలుపుకున్నవ్. కాలువ మీద దాన్నేమంటరో ఎర్కేనా?”

“ఏమంటరు?”

“దొంగతనం.” పుల్ల పక్కన పడేశాడు. “గా దొంగ వార్తల ఏయాల్సింది నీ ఫోటో.”

నేను నవ్వాలా వద్దా అని చూస్తుంటే ఆయనే నవ్వాడు. ఆ పొద్దున ఆ ఊళ్లో అందరూ నవ్వారు, ఆయన మాత్రం అప్పుడే మొదలుపెట్టాడు.

“మరి ఏం జెయ్యాలె మామా?”

“మడి సుట్టు గట్టెయ్యి. గట్టు లోపల తూము పైనుండనీ, కిందుండనీ, గది గా మడిదే. గట్టు దాటి సూడకు.”

“లోపల తూమే లేకుంటే?”

“ఎండనియ్. పక్కోనిది మాత్రం మలపకు.”

హైదరాబాద్ అమ్మాయి ఫోన్‌లో చెప్పిందీ ఇదే. ఆమె చెబితే అర్థం కాలేదు, మట్టిలో గీస్తే అయింది. సోమవారం ఆమెకు నిజం చెప్పి, ఆమె సాయంతోనే ప్రతి వార్తనూ దాని ఫోటోనూ కలిపి ఒక కవరులో పెట్టే ఏర్పాటు చేశాం. చిరునామా ఇప్పుడు కవరు దాటదు. ఫోటో లేకపోతే ఆ చోట వార్తే నిండుతుంది. సైదులు ఇప్పటికీ ఫోటో వెనకే పెడతాడు, నాగేశ్వరరావు ముందే పెడతాడు. ఎవరి పద్ధతి వాళ్లది.

లింగయ్య దొంగ కాదని సవరణ మర్నాడే వేశాం, పెద్ద అక్షరాల్లో. సన్మానం వార్త కూడా ఫోటోతో మళ్లీ వేస్తానన్నాను. మామ చెయ్యి అడ్డంపెట్టాడు.

“ఇప్పుడొద్దు. తప్పు లేని పేజీ జేసిన నాడు ఏయ్. గా పేజీల పడ్తా.”

చదువరులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా చేతిలో కీబోర్డు ఉన్నంతకాలం ఏ వార్త గట్టూ దాటను. రెండు ఊళ్లు చూసి మూడో ఊరు చూశానని ఏ ఆడపిల్లకూ అబద్ధం చెప్పను. ప్రింటు చూడకముందు బజ్జీ ముట్టను.

మా మామ ఇప్పటికీ రోజూ పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని ఆరో పేజీ మొత్తం చదువుతాడు. తప్పు దొరకగానే ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి, సువర్ణకు ఫోటో తీసి పంపిస్తాడు. ఆ పెన్నుకు పని లేని రోజు ఇంతవరకు రాలేదు. గులాబీల దండతో ఉన్న ఆయన ఫోటో నా కంప్యూటర్‌లో అలాగే ఉంది, ఇంకా అచ్చు కాలేదు.