మధ్యగోడలో గుమ్మం

మా స్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆవిడా నేనూ ఒకే అద్దె ఇంట్లో కలిసి ఉన్నాం. డెబ్భై ఐదు జూన్‌లో చేరి, ఎనభై ఆరు మేలో ఖాళీ చేశాం. పదేళ్ళ పదకొండు నెలలు. ఆవిడనడిగితే "ఓ పుష్కరం" అనేది. నేను లెక్కల టీచర్ని, నాకు అలా అనడం చేతకాదు.

నాకు పెళ్ళి కాలేదు. ఆవిడ భర్త పెళ్ళయిన నాలుగో ఏట పోయాడు, పిల్లల్లేరు. నాకంటే మూడేళ్ళు చిన్నది, నన్ను అక్కయ్యా అని పిలిచేది.

ఏటా ఎనిమిదో తరగతికి ఆవిడ ఒక పీరియడ్ మొత్తం హౌస్ అనే ఒక్క మాట మీదే గడిపేది. నా క్లాసు పక్కదే, మధ్య తడిక. అంతా వినపడేది.

"హౌస్ అంటే ఏమిట్రా?"

"ఇల్లండీ."

"ఇంకా?"

"సినిమా హాలు ముందు కట్టే బోర్డండీ, హౌస్‌ఫుల్."

"ఆ హాల్లో ఎవరైనా కాపురం ఉంటున్నారుట్రా?"

"గేట్‌కీపరు ఉంటాడండీ, మా బాబాయే."

నా క్లాసు పిల్లలు కూడా నవ్వేవాళ్ళు. తర్వాత ఆవిడ బోర్డు మీద రాసుకుంటూ పోయేది. ఆటల పోటీల్లో రెడ్ హౌస్, బ్లూ హౌస్. ఆస్పత్రిలో హౌస్ సర్జన్. కరెంటాఫీసు పక్కన పవర్ హౌస్. అసెంబ్లీనీ హౌస్ అంటారు, రాజుల వంశాన్నీ హౌస్ అంటారు. గంట కొట్టే ముందు సుద్దముక్క కింద పెట్టి, "ఇటుకలొక్కటే కాదర్రా, లోపలుండే మనుషుల్ని కూడా హౌస్ అంటారు, అది గుర్తుపెట్టుకోండి" అని ముగించేది.

స్టాఫ్ రూములో నేను, "ఒక మాటకి ఇన్ని అర్థాలుంటే మార్కులెలా వేస్తావే? త్రిభుజమంటే త్రిభుజమే" అనేదాన్ని.

"అందుకే అక్కయ్యా, నీ త్రిభుజంలో ఎవరూ కాపురముండలేరు" అనేది.

ఎనభై రెండులో నాకు టైఫాయిడ్ వచ్చింది. పంతొమ్మిది రోజులు. ఆవిడ స్కూలుకి సెలవు పెట్టి నా మంచం పక్కనే కూర్చుంది. మరుసటేడు ఆవిడ నూతి దగ్గర జారి చెయ్యి విరగ్గొట్టుకుంటే నలభై రోజులు నేనే జడ వేశాను. ఇలా ఒకరికొకరం ఉంటే చాలు, రిటైరయ్యాక ఎవరి పంచనా చేరక్కర్లేదు అనుకున్నాం. ఊరి చివర పత్తి జిన్నింగు మిల్లు దాటాక ఆరు సెంట్ల స్థలం కొన్నాం, చెరి సగం. రెండు పోర్షన్లు, మధ్యలో ఒక గోడ, ఆ గోడలో ఒక గుమ్మం. ఒంట్లో బాగాలేనప్పుడు వీధిలోంచి తిరిగి రాకుండా పిలిస్తే పలికేటట్టు ఉండాలని. ప్లాను గ్రాఫ్ కాగితం మీద నేనే గీశాను. మధ్య తలుపుకి గడియ ఎవరి వైపు పెట్టాలన్న దాని మీద వారం రోజులు మాట్లాడుకున్నాం. ఆఖరికి గడియే వద్దనుకున్నాం.

గృహప్రవేశానికి ఒక్క ఆవు చాలని కూడా అప్పుడే అనుకున్నాం. కొత్త ఇంట్లో ముందు ఆవుని గది గదికీ తిప్పుతారు కదా. ఆవు ఆవిడ వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చి, మధ్య గుమ్మం దాటి, నా వీధి గుమ్మంలోంచి బయటికి వెళ్తుంది. అప్పుడు రెండూ ఒకే ఇల్లవుతాయంది ఆవిడ.

ఎనభై ఐదు చివర్లో పని మొదలుపెట్టాం. చీరాల వైపు పొగాకు కంపెనీలో పని మానేసిన ఆవిడ తమ్ముడు, మేం స్కూల్లో ఉన్నప్పుడు పని చూస్తానని వచ్చాడు. మర్యాదస్తుడే. "టీచర్ గారూ, మీరు ఎండలో నిలబడకండి" అంటూ కుర్చీ వేసేవాడు. గోడలు బీట వారకుండా నీళ్ళతో తడిపే పని మాత్రం నేనెవరికీ ఇవ్వలేదు. ఇటుక పనికి పద్నాలుగు రోజులు, పైన పూసిన సిమెంటుకి ఏడు రోజులు, పొద్దునా సాయంత్రం. ఏ గోడ ఏ రోజు కట్టారో, ఎన్నాళ్ళు తడిపానో చిన్న డైరీలో రాసుకునేదాన్ని.

ఏప్రిల్లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి నన్ను గుంటూరు వేశారు. తొమ్మిది రోజులు. ఆ ఏడు ఆవిడకి ఆ డ్యూటీ పడలేదు. శుక్రవారం పొద్దున బస్టాండుకి పులిహోర పొట్లం పట్టుకొచ్చింది.

"గోడల సంగతి నేను చూస్తాలే అక్కయ్యా. నీ లెక్క ప్రకారమే నీళ్ళు పోస్తాను."

"మధ్యగోడ అయిపోయింది. దానికి అక్కర్లేదు" అన్నాను.

"సరేలే" అంది.

బ్రాడీపేటలో నాతో చదువుకున్నావిడ ఇంట్లో ఉండి, పగలంతా పేపర్లు దిద్దాను. మిరపకాయల ఘాటుకి గదిలో సగం మంది దగ్గుతూనే ఉండేవాళ్ళు. పై ఆదివారం బస్సు దిగి, సంచీతో నేరుగా కొత్త ఇంటికే వెళ్ళాను.

మిల్లు ఆడుతున్నన్నాళ్ళూ ఆ వైపు గాల్లో దూది నూగు ఎగురుతూ ఉంటుంది. తడి గోడ కనిపిస్తే అంటుకుంటుంది. ఆరాక చేత్తో తుడిస్తే రాలిపోతుంది. నా వైపు మధ్యగోడ ఎప్పుడో ఆరింది, శుభ్రంగా ఉండాలి. కాని గోడ నడుమ ఒకచోట నిలువుగా, తలుపంత మేర, తెల్లగా నూగు పట్టి ఉంది. దాని చుట్టూ ఏమీ లేదు.

సంచీ కింద పెట్టి అరచెయ్యి ఆనించాను. చల్లగా ఉంది. జానలతో కొలిచాను. మూడడుగుల వెడల్పు, ఆరున్నర ఎత్తు. నేను గ్రాఫ్ మీద గీసిన కొలతే.

పెరట్లో మేస్త్రీ ఇసుక జల్లిస్తున్నాడు.

"ఇదేమిటి మేస్త్రీ?"

"పూడ్చమన్నారు కదమ్మా. ఇటుక గురువారం కట్టాం, పూత నిన్న పూశాం."

"ఎవరు పూడ్చమన్నారు?"

"చిన్న టీచరమ్మగారు." అతను జల్లెడ ఆపాడు. "నేను రెండుసార్లు అడిగానమ్మా, పెద్ద టీచరమ్మ ఒప్పుకున్నారా అని. ఒప్పుకునే ఊరెళ్ళిందన్నారు. మీకు తెలీదా?"

ఆవిడ పోర్షన్‌లోకి వెళ్ళి చూశాను. మధ్య గుమ్మానికని చేయించిన వేప ద్వారబంధం వెనక గదికి బిగించి ఉంది. ఆ గదికి ప్లానులో వెనక గుమ్మం లేదు. అందులోకి రాబోయే తమ్ముడి కుటుంబం వేరుగా వచ్చిపోవడానికట, మేస్త్రీ చెప్పాడు. ద్వారబంధం మీద నేను పెన్సిలుతో పెట్టిన గుర్తు అలాగే ఉంది.

అద్దె ఇంటికొచ్చేసరికి ఆవిడ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది.

"వచ్చావా అక్కయ్యా. కాఫీ పెట్టనా?"

"గుమ్మం పూడ్పించావు."

తల ఎత్తలేదు. "మధ్యలో దారుంటే మున్సిపాలిటీ వాళ్ళు రెండూ కలిపి ఒకే హౌస్ కింద రాస్తారట. ముందు ముందు పేచీలొస్తాయని మా తమ్ముడు..."

"ఎవరికే పేచీలు?"

"నా తర్వాత వాడికి. నీ తర్వాత నీ వాళ్ళకి."

"నా వాళ్ళెవరు?"

బియ్యంలో వేళ్ళు ఆగిపోయాయి. "నీతో చెబితే ఒప్పుకోవని" అంది.

"ఒప్పుకున్నానని మేస్త్రీకి చెప్పావు."

"అలా చెప్పకపోతే వాడు ముట్టుకోనన్నాడు అక్కయ్యా."

నా మాట లేనిదే నా గోడ ముట్టుకోనన్నవాడు, నాకు నాలుగు నెలల పరిచయమున్న మేస్త్రీ.

"పోనీ, మళ్ళీ పగలగొట్టించమంటావా?" అంది.

మూడు గంటల పని. లేచి వెళ్ళి చెబితే సాయంత్రానికి గుమ్మం వచ్చేది. కాని గడియ లేకుండా పెట్టుకోగలిగే తలుపు కాదిక. "వద్దు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే బిందె తీసుకుని వెళ్ళాను. కొత్త పూతకి ఏడు రోజులు తడి ఉండాలి. రోజుకి రెండు పూటలు, నా వైపు తడిపాను. పద్నాలుగుసార్లు. ఎండిపోనిచ్చినా నన్ను అడిగేవాళ్ళు లేరు. తడపకుండా వదిలేసిన గోడ ఇంట్లో పెట్టుకోవడం నావల్ల కాలేదు, అంతే.

మే నెలలో గృహప్రవేశం అయింది. ఆవు ఆవిడ ఇల్లంతా తిరిగి, వచ్చిన దారినే వీధిలోకొచ్చి, నా గుమ్మం ముందు నిలబడిపోయింది. ఆవిడ ఇంట్లో పెట్టిన అరటిపళ్ళకే కడుపు నిండింది కాబోలు. "ఇన్ని తిప్పలెందుకమ్మా, లోపల్నించి ఒక దారి పెట్టుకోవలసింది" అన్నారు పురోహితుడు గారు, చెమట తుడుచుకుంటూ. ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవుని తోశాను.

మాటలు మానలేదు. ఒకే స్కూలు, ఒకే వీధి. కూర గిన్నెలు మధ్య గుమ్మంలోంచి కాక వీధిలోంచి వచ్చేవి. ఆ జూలైలో ఎనిమిదో తరగతికి ఆ హౌస్ పాఠం మళ్ళీ చెప్పింది. నేను ఆ పీరియడ్‌కి నా పిల్లల్ని ఆటస్థలంలోకి తీసుకెళ్ళి, స్తంభం నీడ కొలిపించాను.

ఎనభై ఏడు వేసవిలో ఒక మధ్యాహ్నం ఆవిడ వచ్చి, నా వైపు మధ్యగోడ ముందు నిలబడింది. అక్కడా ఇక్కడా వేలితో తడిమి చూసింది.

"మా వైపు బీట వచ్చింది అక్కయ్యా. నిలువుగా రెండు, పైన అడ్డంగా ఒకటి. అచ్చం తలుపులా ఉంది. సున్నం వేసినా కనపడుతోంది. నీ వైపు రాలేదే?"

"రాలేదు."

"అదెలా?"

"ఏడు రోజులు నీళ్ళు పోశాను. మీ వైపు ఎవరూ పోసినట్టు లేదు."

"వస్తాను" అని, నా గుమ్మం దిగి, వీధిలోకి నడిచి, తన గేటు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఈ గోడ దగ్గర్నించి ఆ గోడ దగ్గరికి ఆ దారిలో డెబ్భై రెండు అడుగులు. నేను వేసి చూశాను. గుమ్మం ఉండి ఉంటే రెండు.