లక్క మీద టోపీ సామి

మా అమ్మమ్మ దగ్గర అరచేతిలో ఇమిడే ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. చిన్న గుండ్రటి డబ్బీలాంటిది. ఒకవైపు మసిబారిన అద్దం, రెండోవైపు ఎర్ర లక్క. ఆ లక్క మీద ఒక ముద్ర: వెడల్పాటి టోపీ, దానికి రెండు పక్కలా కిందికి వేలాడే గుత్తులు. మేం దాన్ని టోపీ సామి అనేవాళ్లం.

అప్పట్లో మేం వన్ టౌన్‌లో ఓ మిర్చి గోడౌన్ వెనక రెండు గదుల్లో ఉండేవాళ్లం. సాయంత్రం జపమాలకు కూర్చుంటే తుమ్ములు, ప్రార్థన కలిసే నడిచేవి. చివర్లో అమ్మమ్మ బిళ్ల తీసి, లక్క వైపు తిప్పి, ఒక్కొక్కరి పెదాలకు ఆనించేది. జ్వరమొస్తే నుదుటికి పెట్టేది. తర్వాత తన చీర కొంగుతో గట్టిగా తుడిచి, కొబ్బరినూనె చుక్క వేసి రుద్దేది. ఆ చల్లదనం, ఆ నూనె వాసన నాకు ఇప్పటికీ గుర్తే. జ్వరం తగ్గేదో లేదో కానీ, నిద్ర మాత్రం పట్టేది.

దాన్ని అమ్మమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. ఆవిడ నాట్లకూ కోతలకూ వెళ్లే మనిషి. మిషన్ ఆస్పత్రిలో పనిచేసిన తెల్ల సిస్టరు ఒకావిడ తన దేశం వెళ్లిపోతూ చేతిలో పెట్టిందట. ఏదో చెప్పిందట కూడా, ఎవరికీ అర్థం కాలేదు. ముద్రలో టోపీని తాటాకు గొడుగనీ, గుత్తుల్ని వరికంకులనీ ముత్తవ్వే తేల్చేసింది. చేలో వంగి పనిచేసేవాళ్ల సామి అన్నమాట. డెల్టాలో పుట్టిన మనిషికి ఇంకేం కనబడుతుంది?

ఇబ్రహీంపట్నం మారాక అక్కడ కొత్త చర్చి కట్టారు. పాత ఇళ్లలో పునీతుల అవశేషాలు, అంటే వాళ్ల ఎముక తునకలో బట్ట పీలికలో, ఉంటే తెమ్మని ఫాదర్ గారు పూజలో చెప్పారు. అమ్మమ్మ ఆ రోజే బిళ్ల తీసుకుని బయల్దేరింది. తోడు నేను.

ఫాదర్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ముద్ర ఎవరిదో తెలియాలండి అమ్మగారూ. అది తెలిస్తేనే బలిపీఠం దగ్గర పెట్టగలం," అన్నారు.

"టోపీ సామిదండీ."

ఆయన నవ్వి, కనుక్కుని రమ్మన్నారు.

దారిలో అమ్మమ్మ నా ఫోన్ వైపు చూపించి, "రోజంతా దాన్ని గీకుతుంటావుగా, ఇది కనిపెట్టు చూద్దాం," అంది. బిళ్లను కొంగున ముడేసుకుంటూ, "నేను పోయాక దీన్ని మీరు స్క్రూలూ మేకులూ వేసే డబ్బాలో పడేస్తారే. గుడిలో ఉంటే ఎవరో ఒకరు దండం పెడతారు," అంది.

ఎందుకు పడేస్తామని గొడవేసుకున్నా. కానీ మా ఇంట్లో అలాంటి డబ్బా ఉంది, నిజంగానే.

ఫొటో తీసి వెతికితే పెళ్లి శుభలేఖల మీద అంటించే లక్క బిళ్లలు, సీసాల మూతలు వచ్చాయి. పాత వస్తువులు సేకరించేవాళ్ల గ్రూపులో పెడితే ఒకడు, "కొవ్వొత్తి కారినట్టుంది" అన్నాడు. వాడికి నేను పెట్టిన వాయిస్ మెసేజ్ విని మా అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అదే గ్రూపులో ఇంకొకాయన నిదానంగా రాశారు: లైట్లన్నీ ఆపి, టార్చి పక్కనుంచి వేసి తీయమ్మా, గీతలు లేస్తాయి.

తలుపులు వేసి, అమ్మమ్మ చేత బిళ్ల పట్టించి, ఆయన చెప్పినట్టే తీశాను. టోపీ, గుత్తులు చెక్కినట్టు పైకొచ్చాయి. లక్కలో ఇరుక్కున్న ఎర్రదారం కూడా కనబడింది. ఫొటో చూసి ఆయన చెప్పింది ఇది: టోపీ బిషప్ హోదాకు గుర్తు, గుత్తులు దాని కుచ్చులు. లోపలున్నది ఫలానా పునీతుల అవశేషమని బిషప్ దారం కట్టి లక్క మీద తన ముద్ర వేస్తారు. ఇది వెనకవైపు. దీనికి మూత ఉండాలి, ఊడిపోయినట్టుంది. ఏ బిషప్పో టోపీ కింద ఉండే డాలు లాంటి బొమ్మను బట్టి తెలుస్తుంది.

ఆ డాలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. సబ్బు బిళ్ల అరిగినట్టు నున్నగా ఉంది. అంచున రెండు అక్షరాలు మిగిలాయి, వాటితో ఏ పేరూ కుదరదు.

ఎలా అరిగిందో నాకు వెంటనే తెలిసింది. కోపం కూడా వెంటనే వచ్చింది. "ఇది సామి కాదు అమ్మమ్మా, బిషప్ ముద్ర! వెనకవైపు! మనమే ముద్దులు పెట్టి, నూనె రాసి రుద్ది రుద్ది అరగదీశాం!"

అమ్మమ్మ బిళ్లను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "అంటే ఇన్నేళ్లూ మేం ముద్దు పెట్టింది ఆఫీసు ముద్రకా?"

మళ్లీ ఆవిడే, "మరి సామి ఎక్కడున్నాడే?" అని అద్దం వైపు తిప్పింది. తడిబట్టతో మెల్లగా తుడిచాం. మసి పోయాక లోపల నువ్వుగింజకన్నా చిన్న తునక, దాని కింద కాగితం ముక్క మీద లాటిన్‌లో పేరు, పక్కన రెండు మాటలు. ఫోన్‌లో పెడితే ఆ మాటలకు అర్థం వచ్చింది: కన్య, వేదసాక్షి. అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినావిడ.

"ఆడమనిషా!" అంది అమ్మమ్మ. "అయ్యో తల్లీ, నీ మొహం ఇటు పెట్టుకుని కూర్చున్నావా!"

మర్నాడు ఫాదర్ గారికి ఫొటోలన్నీ చూపించాం. దారం తెగలేదనీ, ఎవరూ తెరవలేదనీ ఆయనే అన్నారు. "నా మట్టుకు నేను నమ్ముతానమ్మా. కానీ ముద్ర ఎవరిదో తెలియకుండా పదిమంది ముందు పెట్టకూడదు. ఇంట్లో పెట్టుకోండి."

"ముద్దు పెడితే అరిగిపోయింది! అంతకంటే సాక్ష్యం ఏం కావాలండీ మీకు?" అని అరిచాను. అమ్మమ్మ మోచేత్తో డొక్కలో పొడిచింది. ఆయనకు కోపం రాలేదు. బిళ్లను అద్దం వైపు కళ్లకద్దుకుని తిరిగిచ్చారు.

బయట ఆటో ఎక్కాక అమ్మమ్మ బిళ్లను నా చేతిలో పెట్టింది. "గుడి ఉంచుకోనంది. నువ్వే ఉంచు. ఎవరన్నా అడిగితే అరవకుండా చెప్పగలవా?"

"చెప్తా."

"ముందు ఆవిడ పేరు పలకడం చెప్పు నాకు."

నాకూ రాదు. ఫోన్‌లో వినిపించాను. అమ్మమ్మ చెవి దగ్గర పెట్టుకుని, పెదాలు కదుపుతూ, మళ్లీ పెట్టించుకుని విన్నది. ఆటో హోరులో సగం వినబడలేదు. ఇల్లు వచ్చేసరికి ఆ పేరులోంచి రెండు అక్షరాలు రాలిపోయి, చివర ఒక "మ్మ" చేరింది. నేను సరిదిద్దబోయి ఊరుకున్నాను. మా ఇంట్లో ఆవిడను ఇప్పుడు అలాగే పిలుస్తాం.