అన్నయ్య మోసిన సిపాయి

మొన్న సైదాబాద్‌లో మా ఎదురింటి టీవీలో ఎవరో యుద్ధం, యుద్ధం అని గొంతు చించుకుంటుంటే, వీధిలో కుర్రాళ్ళు టపాకాయలు కాల్చారు. నాకు ఒళ్ళు మండింది. యుద్ధమంటే ఏమిటో మా ఇంట్లో ఒకడు చూసి వచ్చాడు. ఆ వచ్చినవాణ్ణి మావాళ్ళే గడప బయట నిలబెట్టారు. నా ఈడువాళ్ళతోనైనా ఆ సంగతి చెప్పుకోవాలనిపించింది.

మాది పాతబస్తీలో తరతరాలుగా గుడి పూజ చేసుకునే కుటుంబం. దాయాదులందరికీ ఏడాదికి ఇన్ని నెలలని పూజ వంతులు ఉండేవి. నాన్నగారి వంతు వచ్చిందంటే మడి పేరుతో మాకు ఊపిరి ఆడనిచ్చేవారు కాదు. అలాంటి ఇంట్లోంచి అన్నయ్య పోయి పోయి పటాలంలో చేరాడు, డెబ్బై ఒకటి యుద్ధం నాటికి సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. నేను అప్పుడే టైపిస్టుగా ఉద్యోగంలో చేరాను. ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చినదాన్ని నేనే.

యుద్ధం ముగిశాక అన్నయ్య పై ఆఫీసరు నాన్నగారికి ఉత్తరం రాశారు. పెద్దలంతా కూర్చున్న వసారాలో, గొప్పలు పోతూ, ఒక్క ముక్క వదలకుండా దాన్ని తెలుగులో చదివి వినిపించాను. శత్రువుల మెషిన్‌గన్ ఎడతెగకుండా పేలుతుంటే మనవాళ్ళు వరిచేలో తల ఎత్తలేక పడి ఉన్నారట, అన్నయ్య గట్టు వెంట పాక్కుంటూ వెళ్ళి గ్రెనేడు విసిరి దాని నోరు మూయించాడట, ఎడమ చేతికి తూటా తగిలినా ఆగకుండా, చేను నడుమ పడిపోయిన తన సిపాయిని భుజాన వేసుకుని వెనక్కి తెచ్చాడట, దారిలోనే ఆ సిపాయి ప్రాణం పోయినా దించలేదట. ఆ చివరి మాట వినగానే పెద్దల ముఖాలు మారిపోయాయి. నా తెలివి తెల్లారినట్టే ఉంది అనుకున్నాను.

అన్నయ్య చేతికి కట్టుతో సెలవు మీద వచ్చేసరికి తీర్పు సిద్ధంగా ఉంది. ఎవరిదో శవాన్ని మోశాడు కనుక ప్రాయశ్చిత్తం చేసుకుంటేనే గుడిలో అడుగు పెట్టాలి. చనిపోయినవాడిది ఏ కులమని పెదనాన్నగారు అడిగారు.

"మా ప్లటూనోడు. నేను పాపం చెయ్యలే, ప్రాయశ్చిత్తం చేసుకోను," అన్నాడు అన్నయ్య.

అన్నంత పనీ చేశాడు. సెలవు ఉన్నన్నాళ్ళూ గుడి గడప బయటే నిలబడి దణ్ణం పెట్టుకున్నాడు. అప్పుడు మా వంతే నడుస్తోంది. వాడు లోపలికి వస్తే ఆ వంతు తీసేస్తామని దాయాదులు నాన్నగారికి కబురు పెట్టారు. నాన్నగారు కొడుకును రమ్మనలేదు, పొమ్మనలేదు. ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది.

అన్నయ్య తిరుగు ప్రయాణం రోజు పొద్దున, పూజ మధ్యలో నాన్నగారు తడి పంచెతోనే గడప దాటి వచ్చి, అందరూ చూస్తుండగా వాణ్ణి కావలించుకున్నారు. మడిలో ఉన్నవారు బయటివాణ్ణి తాకితే మళ్ళీ స్నానం చెయ్యాలి. ఆయన చెయ్యలేదు. వాడి చెయ్యి పట్టుకుని గర్భగుడి ముందుకు తీసుకుపోయి, హారతి ఇచ్చారు.

"ఇష్టం లేనోళ్ళు తీర్థం తీసుకోకుండ్రి," అన్నారు.

వంతు పోయింది, మళ్ళీ రాలేదు. నాన్నగారు పోయేదాకా దానికోసం ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. ఇప్పుడు అంత మడీ లేదు, అడిగేవారూ లేరు. ఆ మడి పోవడమే మంచిదైంది. సిపాయిలకు జై కొట్టేవాళ్ళు మాత్రం గల్లీకి వందమంది. మా నాన్నగారు ఒక్కనాడూ జై అనలేదు, సిపాయి కోసం దేవుణ్ణే వదులుకున్నారు.