వెనక్కి ఎక్కిన జీపు

1967 మే నెలలో నన్ను విజయనగరంలోని మా శాఖ వర్క్‌షాపుకు సూపర్‌వైజరుగా వేశారు. మెకానికల్ డిప్లొమా పుచ్చుకుని అప్పటికి నాలుగేళ్లు. పాతబడ్డ ప్రభుత్వ వాహనాలను బాగుచెయ్యాలా, వేలానికి పంపాలా అన్నది తేల్చడం నా పని. దాన్ని మేం ‘సర్వే’ అనేవాళ్లం. పొలాల కొలతతో దానికి సంబంధం లేదు. బండిని విప్పి చూసి ఇంజను, గేరుబాక్సు, చట్రం అన్న మూడు శీర్షికల కింద రిపోర్టు రాయాలి. మూడింట్లో రెండు పోతే బండి పోయినట్టే. ఆఖర్న ‘మరమ్మతుకు అర్హం’, ‘అనర్హం’ అని రెండు మాటలు అచ్చువేసి ఉండేవి. ఒకటి కొట్టేసి సంతకం పెట్టాలి.

చేరిన మూడో వారంలోనే, సాలూరుకు ఎగువన కొండ మీదున్న ఒక చిన్న ఆసుపత్రి జీపును సర్వే చెయ్యమని ఉత్తర్వు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో వాడి వదిలేసిన బండి అది, స్టీరింగు ఎడమవైపు. ఆసుపత్రి అంటే ఒక కాంపౌండరు, ఒక మిడ్‌వైఫ్, ఒక డ్రైవరు, రెండు మంచాలు. డాక్టరు పోస్టు ఖాళీ. కాన్పు కష్టమైతే సాలూరు దింపాల్సిందే, దింపడానికి ఈ జీపు తప్ప మరో దారి లేదు.

డ్రైవరు సింహాచలం నన్ను ఎక్కించుకోవడానికి సాలూరు వచ్చాడు. గజపతినగరం దగ్గర రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, నలభై దాటాయి. ఘాటీ రోడ్డులో చివరి ఫర్లాంగు ఎత్తు మొదలయ్యేచోట బండి ఆపి, దాన్ని వెనక్కి తిప్పాడు. కొండకు వీపు పెట్టి నిలబెట్టాడు. ఏమిటిదని అడిగాను.

“ముందుకెల్తే మొదటి గేరు ఊడిపోతాది బాబూ. రివర్సు అయితే పట్టొదల్దు. అందుకని ఎనక్కి ఎక్కిస్తన్నాను.”

ఎన్నాళ్లనుంచి అంటే, రెండు వానాకాలాల నుంచి అన్నాడు. రోజూ కాంపౌండరు బండికి కింది వైపున రాయి పట్టుకుని నడుస్తాడట, జారితే చక్రం కింద పెట్టడానికి. ఆ రోజు ఆ రాయి నా చేతికిచ్చాడు. సర్వేకు వచ్చిన అధికారి రాయి మోస్తూ బండి ముందు నడవాలని ఏ మాన్యువల్లోనూ లేదు. మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గేరు లీవరు పట్టుకుని అతను అంగుళం అంగుళం ఎక్కించాడు. పైకి చేరేసరికి నా చొక్కా తడిసిపోయింది. అతను మాత్రం బీడీ వెలిగించుకున్నాడు.

మర్నాడు పనసచెట్టు నీడలో గేరుబాక్సు విప్పాం. మొదటి గేరు పళ్లు ఒక పక్కకు వాలుగా అరిగిపోయాయి. లోడు పడగానే లీవరు తానే న్యూట్రల్‌లోకి తన్నుకొచ్చేది అందుకే. నాలుగు చక్రాలూ కలిసి లాగేలా చేసే రెండో లీవరు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. చట్రానికి రెండుచోట్ల పాత అతుకులు. ఇంజను మాత్రం నిక్షేపంలా ఉంది. లెక్క ప్రకారం మూడింట్లో రెండు పోయాయి.

నేను రాసుకోవడం చూసి మిడ్‌వైఫ్ కాంతమ్మ గుమ్మంలోకి వచ్చింది. శ్రీకాకుళం మనిషి, మాట కటువు. “ఏటి రాస్తన్నారు బాబూ? ఈ వానలకి నెలలు నిండేవోళ్లు ముగ్గురున్నారు. బండి ఎనక్కెక్కినా, పక్కకెక్కినా నాకు పర్లేదు. గుడ్డికన్నా మెల్ల నయం. ఇది తీసుకుపోకండి.”

కొత్త జీపు వస్తుందని చెప్పాను. ఎప్పుడొస్తాదని అడిగింది. గట్టిగా రిపోర్టు రాస్తే తొందరగా వస్తుందన్నాను. నేను దాన్ని నిజంగానే నమ్మాను. బండి ఎంత పనికిరానిదని రుజువు చేస్తే పైవాళ్లు అంత తొందరగా కదులుతారని నా తెలివి. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

సింహాచలం ఆ గేరును గోనెలో చుట్టుకుని, నన్ను కొండ దిగి నడిపించి సాలూరులో పైడయ్య మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాడు. సాలూరు అంటే లారీల ఊరు, అక్కడి మేస్త్రీలకు తెలియని గేరుబాక్సు లేదు. పైడయ్య ఆ అరిగిన గేరును బొటనవేలితో తడిమి చూసి, పళ్ల మీద వెల్డింగు పోసి, ఆకురాయితో పోలిక తెచ్చి, కాల్చి నూనెలో ముంచి ఇస్తానన్నాడు. బిగుసుకున్న లీవరు కూడా విడిపిస్తాడట. నాలుగు రోజులు అడిగాడు.

మా స్టోర్సు ముద్ర లేని భాగాన్ని కొండ మీద తిరిగే బండికి వెయ్యడానికి నిబంధన ఒప్పుకోదు. స్టోర్సులో ఆ భాగం లేదు, రాదు కూడా. పైగా ఆకురాయితో అరగదీసిన గేరు రోగితో సహా లోయలోకి పోతే నా మెడకు చుట్టుకుంటుంది. అలాంటి గేరుకు సంతకం పెట్టలేనని చెప్పాను.

“కొండెక్కేది బండి బాబూ, సంతకం కాదు,” అన్నాడు పైడయ్య, గేరును నా చేతిలో పెట్టేసి.

నాకు ఒళ్లు మండింది. పళ్లు తోమినట్టు గేర్లు రుద్దేవాడు నాకు పాఠం చెప్పడమా అనుకున్నాను. మర్నాడు కొండెక్కి గేరుబాక్సు బిగించి, ‘అర్హం’ అన్న మాట కొట్టేసి సంతకం పెట్టాను. లాగ్‌బుక్కులో ఎర్రసిరాతో గీత గీశాను. ఆ క్షణం నుంచి బండి కదలకూడదు. ఎవరూ నడపకుండా డిస్ట్రిబ్యూటర్ మూతలోని రోటరు తీసి జేబులో వేసుకున్నాను. బొటనవేలంత ముక్క అది, లేకపోతే ఇంజనుకు నిప్పు అందదు. అదంతా పద్ధతి ప్రకారం చేశాను.

కొత్త జీపు జూన్‌లో రాలేదు, జూలైలోనూ రాలేదు. మూడుసార్లు గుర్తుచేస్తూ రాశాను. ఆ ఏడు వచ్చిన ఒక్క బండీ మైదానంలో తారురోడ్డు మీదున్న ఒక ఆఫీసుకు పోయింది.

సెప్టెంబరులో వేలం నంబరు వెయ్యడానికి నడిచి కొండెక్కాను. జీపు పనసచెట్టు కిందే ఉంది. వేలం అయ్యేదాకా అది ప్రభుత్వ ఆస్తి కాబట్టి సింహాచలాన్ని దానికి కాపలా పెట్టారు. రోజూ పుస్తకంలో ‘బండి ఉన్నది’ అని రాయించి, వేలిముద్ర వేసి, పక్కన తేదీ వేయించుకోవడమే అతని ఉద్యోగం. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆ ముగ్గురి సంగతి అడిగాను. అడగకుండా రంగు డబ్బా తీసుకుని నా పని నేను చేసుకుని ఉంటే ఈ జ్ఞాపకం రాయాల్సిన పని ఉండేది కాదు.

“ఇద్దరు బాగానే కన్నారు బాబూ. మూడో అమ్మిని డోలీ కట్టి దింపినాం. నానూ ఒక బుజం పట్టినాను. సగం ఘాటీలో వానొచ్చీసినాది. డోలీ దించి సూస్తే అమ్మికి ఊపిరి లేదు. కడుపులో బిడ్డ కదుల్తన్నాది. కాంతమ్మగారు సెయ్యేసి అలా కూకుండిపోనారు. కాసేపటికి అదీ ఆగిపోనాది.”

జీపు వైపు చూస్తూ అన్నాడు. “టాంకీలో పెట్రోలుంది బాబూ. ఆ ముక్కొక్కటీ నా కాడుంటే తోలేద్దును. రూల్సు గీల్సు సూద్దునేటి?”

ఆ ముక్క విజయనగరంలో నా బల్ల సొరుగులో, కాగితం చుట్టి, నంబరు వేసి భద్రంగా ఉంది. కాంతమ్మ లోపలే ఉంది కానీ నాతో మాట్లాడ్డానికి బయటికి రాలేదు. నంబరు వేసి కొండ దిగాను. దిగుతున్నంతసేపూ ఆ డోలీ ఎక్కడ దించి ఉంటారా అని రోడ్డు పక్కలు చూశాను. ఇంత చేతకాని మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు.

జనవరిలో వేలం జరిగితే పైడయ్య మేస్త్రి పాడుకున్నాడు. రసీదు రాయించుకుని రోటరు ఇచ్చాను. లారీకి కట్టి లాక్కుపోయాడు.

ఫిబ్రవరిలో ఆసుపత్రిలో మిగిలిన జీపు పనిముట్లు సరిచూడ్డానికి మళ్లీ వెళ్లాల్సొచ్చింది. చివరి ఎత్తు దగ్గర ఆయాసపడుతూ ఆగాను. కింద నుంచి ఇంజను చప్పుడు వినిపించింది. ఆ గొంతు నేను ఎరుగుదును. నౌపడ ఉప్పు బస్తాలు వేసుకుని, కొండ సంత నుంచి చింతపండు దింపుకురావడానికి జీపు ఎక్కివస్తోంది. ముక్కు కొండ వైపే ఉంది. నా పక్కన ఆపాడు పైడయ్య.

“ఎక్కండి బాబూ.”

గేరు ఎన్నాళ్లకు తయారైందని అడిగాను. మూడు రోజులన్నాడు. ఆ మాటలో దెప్పు లేదు. నేనే చూపు తిప్పుకున్నాను.

ఉప్పు బస్తా మీద కూర్చుని, నేను పనికిరాదని రాసిన బండిలో ఆసుపత్రి గుమ్మంలో దిగాను. కాంతమ్మ నన్ను చూసింది, బండిని చూసింది, లోపలికి పోయింది. సింహాచలం దగ్గరికొచ్చి వేడి బానెట్ మీద చెయ్యి వేశాడు.

“ముందుకే ఎక్కినాదా బాబూ?”

ముందుకే ఎక్కిందని చెప్పాను.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్లు సర్వేలు చేశాను. బదులు బండి వచ్చి ముంగిట నిలబడేదాకా ఏ బండికీ ‘అనర్హం’ అని సంతకం పెట్టలేదు. ‘పరిశీలనలో ఉంది’ అని రాసి కాగితం నా దగ్గరే ఉంచుకునేవాణ్ణి. జాప్యానికి రెండు మెమోలు ఇచ్చారు, ఒక ప్రమోషను పోయింది. దానివల్ల ఎవరైనా బతికారో లేదో నాకు తెలియదు. ఆ జీపు మీద నేను రాసిన రిపోర్టులో ఇప్పుడు చదివినా ఒక్క తప్పు దొరకదు.