ఇసుకలో పాతిన ఆరు కుండలు

పోయినవాటిని ముందు లెక్కపెడతాను. ఆరు మట్టికుండలు. వాటిలోకి కరిగించిన ఆరు వీశెల బెల్లం. రంగం నుంచి పెట్టె అడుగున మడిచి తెచ్చుకున్న పలచటి గుడ్డ, నాలుగు గజాలు. పండ్లు అదిమే టేకు పలకలు రెండు. పది మోపుల పుల్లలు. మా ఇద్దరి ఇరవై మూడు పగళ్ళ చాకిరీ. ఇదంతా మట్టిపాలు కావడానికి పట్టిన సమయం అన్నానికి ఎసరు మరిగేంత కూడా లేదు.

రంగం అంటే రంగూన్. మావైపు వాళ్ళు తాతల నాటి నుంచి ఓడెక్కి అక్కడికి కూలికి వెళ్ళేవారు. నాకు పదేళ్ళప్పుడు మా నాన్న వెంట వెళ్ళాను. బడి మొహం చూడలేదు. బియ్యం మిల్లులో బస్తాలు లెక్కపెడుతూ కూడికలు, తీసివేతలు నేర్చుకున్నాను. రసం తీయడం కూడా అక్కడే అలవాటైంది. పెళ్ళయ్యాక నేనూ నా భార్యా ఒక్క గదిలో ఉండేవాళ్ళం. మంచి పండు కొనే తాహతు లేదు. బజారు కట్టేసే వేళకు వెళితే దెబ్బ తగిలిన అనాసలు, మెత్తబడిన టమాటాలు, వంకర క్యారెట్లు కుప్పగా పావు ధరకు ఇచ్చేసేవారు. కోసుకు తింటే ఇద్దరికి సరిపోయే అనాసను తురిమి, గుడ్డలో మూటకట్టి, రెండు పలకల మధ్య పెట్టి పైన రాయి ఎత్తితే నలుగురికి సరిపడా రసం వచ్చేది. పిప్పిని నీళ్ళలో నానబెట్టి రెండోసారి పిండేవాళ్ళం. క్యారెట్టు రసం తక్కువ ఇస్తుంది, పిప్పి ఎక్కువ. ఆ పిప్పి కూరలో కలిసిపోతుంది కనుక నష్టం లేదు. ఏ పండు ఎంత డబ్బుకు ఎంత రసం ఇస్తుందో నాకు నోటికి వచ్చు.

అరవైల నడుమ అక్కడి ప్రభుత్వం మమ్మల్ని పొమ్మంది. మా తాతల ఊరు నౌపడ దగ్గర, ఉప్పుమళ్ళకు ఇవతల ఇసుక నేల. మా వాటా అంటూ సెంటు భూమి మిగల్లేదు. ఒక షావుకారు గుత్తకు తీసుకున్న జీడితోట అంచున తాటాకు గుడిసె వేసుకున్నాం. రెండేళ్ళకు నా భార్యకు కాన్పయింది. బిడ్డ బాగానే ఉన్నాడు గానీ ఆమెకు చిగుళ్ళ నుంచి నెత్తురు కారడం మొదలైంది. కాళ్ళు లాగేవి. నాలుగడుగులు వేస్తే కూర్చుండిపోయేది. టెక్కలిలో డాక్టరు చూసి, మందు కంటే ముఖ్యం పండ్ల రసమనీ, పూటకో గ్లాసు చొప్పున ఆరు నెలలు తాగించమనీ, లేకపోతే పళ్ళు ఊడిపోతాయనీ, బిడ్డకు పాలు కూడా ఉండవనీ చెప్పాడు. బత్తాయి మంచిదన్నాడు. బయటికొచ్చి బత్తాయి ధర అడిగాను. గ్లాసుకు మూడు కాయలు. రోజుకు రెండు గ్లాసులంటే నా రోజు కూలి మొత్తం.

అప్పుడు నా కళ్ళు తోట మీద పడ్డాయి. జీడిమామిడిలో షావుకారుకు కావలసింది పిక్క ఒక్కటే. పిక్క తెంపేసిన పండ్లు చెట్ల కింద పోగులు పోగులుగా కుళ్ళి ఈగలు ముసిరేవి. ఎవరూ తాకరు. ఎందుకంటే వగరు, గొంతు పట్టేస్తుంది. బట్ట మీద పడితే మరక వదలదు. కానీ రంగంలో మా పక్కగది ముసలమ్మ ఒక ఉపాయం చెప్పింది. జీడిపండు రసంలో పలచటి గంజి కలిపి కదలకుండా ఉంచితే, వగరంతా గంజితో పాటు అడుగుకు దిగిపోతుంది. పైన తేట తేనెరంగులో నిలుస్తుంది. దాన్ని వంచుకోవడమే.

షావుకారును అడిగాను. ఆయన నవ్వాడు.

"పిక్క తెంపి నాకిచ్చెయ్. పండు నువ్వేటి సేసుకుంటావో సేసుకో. పారబోసే కూలి నాకు మిగుల్తాది."

ఆ మాట ఇద్దరు కూలీల ఎదుట అన్నాడు. అలా పిక్కలు తెంపే పని మాకు, కూలి లేకుండా. మేము పండు తీసుకున్నాం. నా భార్య పూటకో గ్లాసు తాగింది. మూడో వారం దాటాక పొద్దున్నే పుక్కిలించి ఉమ్మి, నన్ను పిలిచి చూపించింది. ఉమ్ములో ఎరుపు లేదు.

ఇంకా ఆరు నెలలు కాలేదు, పండు అయిపోవస్తోంది. చివరి పండు రాలాక డాక్టరు చెప్పిన గడువుకు తొంభై రోజులు మిగులుతాయి. రోజుకు రెండు చొప్పున నూట ఎనభై గ్లాసులు కావాలి. తేట రసాన్ని బెల్లంతో చిక్కగా కాచి ఉంచితే, ఒక కుండ పాకం నీళ్ళలో కలుపుకుంటే ముప్ఫై గ్లాసులు. ఆరు కుండలు సరిపోతాయి. తోటలో మిగిలిన ప్రతి పండూ ఏరి, ఇరవై మూడు రోజుల్లో ఆరు కుండలు నింపాం. గుడిసెలో వేడికి పులిసిపోతుందని, చెట్టు నీడన మెడ దాకా ఇసుకలో పాతి, మూతికి గుడ్డ కట్టి, చుట్టూ రోజూ నీళ్ళు చల్లాను. రంగంలో ఏది చల్లగా ఉంచాలన్నా మేము చేసే పద్ధతే అది.

ఇక్కడే పెరిగినవాడెవడూ ఆ పని చెయ్యడని నాకు తరవాత తెలిసింది. అవి మద్యనిషేధం రోజులు. మావైపు ఇసుకలో కుండ పాతారంటే దానికి ఒకటే అర్థం, సారా కాచడానికి పులియబెట్టే ఊట.

షావుకారు ఒకరోజు వచ్చి కుండలు చూసి అదేమిటని అడిగాడు. నా భార్య ఒక గ్లాసు కలిపి ఇచ్చింది. మొత్తం తాగి, పెదాలు నాక్కుని, ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు. మర్నాడు మళ్ళీ వచ్చాడు.

"మూడు కుండలు మా ఇంటికి పంపించు."

పిక్క మీది, పండు మాది అని మీరే అన్నారు గదా బాబూ అన్నాను. అది మా ఆడమనిషి మందు అని కూడా చెప్పాను.

"పండు నీదేటి? సెట్టు నాది కాదేటి? రంగం బుద్ధులు ఇక్కడ సాగవురా."

ఒక్క కుండ ఇస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. నాలుగో రోజు హెడ్ కానిస్టేబులు ఇద్దరు జవాన్లతో వచ్చాడు. ఎవరినీ దారి అడగలేదు. తోట అంతా వెతకనూ లేదు. తిన్నగా ఆ చెట్టు దగ్గరికే నడిచాడు. షావుకారు చెప్పాడని నా దగ్గర రుజువు లేదు. వాళ్ళు నడిచిన తీరు నాకు చాలు.

"బెల్లం, జీడిపండు, ఇసుకలో కుండ. ఊట కాకపోతే ఏటిది?" అన్నాడు హెడ్డు.

నేను గంజి సంగతి మొదలుపెట్టాను. ఆయన వినలేదు. నా భార్య బిడ్డను చంకనేసుకునే ఒక గ్లాసులో పాకం కలిపి ముందుకు పట్టింది.

"తాగి సూడండి బాబూ. మత్తెక్కితే నన్ను తీసుకుపొండి."

"సూసినావా, పోలీసుకే పోస్తన్నాది," అని ఒక జవాను నవ్వాడు. ఆ ముగ్గురిలో ఒక్కడు ఒక్క గుక్క తాగి ఉంటే అక్కడితో తేలిపోయేది. కనీసం వాసన చూడలేదు. మా టేకు పలక అందుకుని దానితోనే కుండ తరవాత కుండ పగలగొట్టారు. పలక చీలితే రెండోది తీసుకున్నారు. పాకం ఇసుకలోకి ఇంకిపోయింది. చేతులు తుడుచుకోవడానికి మా గుడ్డ చింపారు. పొయ్యి పక్కన పేర్చిన మోపులను కాళ్ళతో తన్ని పాకంలో పొర్లించారు. వాళ్ళు పోయాక చీమలు వచ్చాయి.

సాయంత్రానికి షావుకారు గొడుగేసుకుని వచ్చాడు. "నేను సెప్పబట్టి కేసు లేకుండా పోనాది. నేకపోతే ఈపాటికి జైల్లో ఉందువు," అన్నాడు. దండం పెడతానని కాబోలు, కాసేపు నిలబడ్డాడు. నేను పెట్టలేదు. నాకు అన్నిటికంటే మండింది ఆ నిలబడడానికే.

ఊరి పెద్దల దగ్గర పెట్టాను. పోలీసుల మాట మనం ఎత్తలేం, షావుకారు మాట ఇచ్చాడు కాబట్టి నష్టం సర్దాలి అన్నారు. కుండలకూ బెల్లానికీ గుడ్డకూ డబ్బులిచ్చాడు. టేకు బదులు మామిడి పలకలు రెండు ఇప్పించాడు. పుల్లలు పంపించాడు. ఇరవై మూడు పగళ్ళకూ పిక్క తెంపిన కూలి కట్టాడు. అదంతా ధర్మం చేసినట్టు, అందరికీ వినపడేలా ఎంచి ఇచ్చాడు. నేను రసం సంగతి అడిగాను. నూట ఎనభై గ్లాసులకు సరిపడా బత్తాయిలు కొనిపెట్టమన్నాను. నవ్వారు.

"పారబోసే పండు రసానికి లెక్కేటి మావా?" అన్నాడొక పెద్దాయన.

నా భార్య గట్టు మీద కూర్చుని ఉంది. లేవలేదు. "పారబోసీదైతే మొన్న మూడు కుండలు ఎందుకడిగినాడు?" అంది. పెద్దలు తరవాతి తగువు పిలిచారు, ఎవరిదో మేక ఎవరి చేనులోనో పడిన తగువు.

అప్పటికి తోటలో పండు లేదు. షావుకారు ఇచ్చిన డబ్బు అంతా బత్తాయిలకే పెట్టాను. ఇరవై రోజులు వచ్చాయి. ఆ తరవాత దొరికిన నిమ్మకాయ, చింతచిగురు, ఏదో ఒకటి. ఆషాఢంలో నెత్తురు మళ్ళీ మొదలైంది. పాలు ఎండిపోయి బిడ్డను మేకపాల మీద పెంచాం. ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి. తరవాతి ఏడు వేరే తోటకు మకాం మార్చి, పండు వచ్చిన మొదటి రోజు నుంచి మళ్ళీ పిండాను. అప్పుడు గానీ ఆమె కోలుకోలేదు. ఇప్పటికీ నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

కొన్నదానికి డబ్బు ముట్టింది, చేసిన పనికి కూలి ముట్టింది. అవి కొట్టేశాను. రసం ఇంకా కొట్టెయ్యలేదు. ఆయన డబ్బుతో కొన్న బత్తాయిలు మా కుండల, మా కూలి సొమ్మే గనుక వాటిని ఇందులోంచి తియ్యను. పూటకొకటి, రోజుకు రెండు, తొంభై రోజులు. ఈ రోజుకీ ఆ షావుకారు ఇంటి నుంచి నా భార్యకు రావలసినవి నూట ఎనభై గ్లాసులు.